మంచి కాలు

చలపతిరావు ఎడమ కాలి పంట్లాం మోకాలి దాకా మడిచి, పాదం స్టూలు మీద పెట్టి, పిక్కని స్పిరిట్ దూదితో తుడిచి, దాని మీద నల్ల బిళ్ళ అంటించాడు. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. వార్డులో తుడిచిన నేల ఆరలేదు. ఎనిమిది మంచాల మీద ఎనిమిది మంది, విరిగిన కాళ్ళతో, కొందరు మూలుగుతూ కొందరు గురక పెడుతూ ఉన్నారు. కాఫీ అయినా సరే, గోడ మీది దేవుడికి దణ్ణమైనా సరే, ఆయనకి ఈ పని అయ్యాకే.

ఏలూరులోని ఆ ఎముకల ఆసుపత్రిలో ముప్ఫై నాలుగేళ్ళుగా కట్లు కట్టే ఉద్యోగం ఆయనది. రోజూ తాడేపల్లిగూడెం నించి మొదటి పాసింజరులో వస్తాడు, సాయంత్రం పాసింజరులో వెళ్ళిపోతాడు. అరవై నిండడానికి మూడు నెలలుంది. బక్కపలచటి మనిషి. గోళ్ళ సందుల్లో సిమెంటు కట్టు పొడి ఎంత కడిగినా పోదు. రోగులకి ఆయన పేరు తెలియదు, కట్లాయన అంటారు. అంతకు మించి తన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని ఆయనే ఒప్పుకుంటాడు. ఒక్క కాలు విషయంలో తప్ప. అక్కడ మాత్రం కాస్త గర్వముంది, ఎందుకు దాచడం!

ఆ గర్వం తెచ్చిపెట్టింది ఈ మిషనే. నాలుగు నెలల కిందట ఓ కంపెనీవాళ్ళు వాడి చూడమని ఇచ్చి వెళ్ళారు. టిఫిను క్యారియరంత పెట్టె, దానికో తీగ, తీగ చివర రబ్బరు బిళ్ళ. బిళ్ళలోంచి ఎర్రటి వెలుతురు చర్మం దాటి కండలోకి వెళ్ళి, అక్కడ నెత్తుట్లో ప్రాణవాయువు ఎంతుందో చూసి అంకె చెబుతుంది. సూది లేదు, కోత లేదు. కాలు బాగా నలిగినప్పుడు కండ లోపల్లోపల వాస్తుంది. కండ చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది, అది సాగదు. వాపు పెరిగేకొద్దీ నెత్తురు దారులు మూసుకుపోతాయి. పైకి కాలు కాలులాగే ఉంటుంది, లోపల కండ చస్తూ ఉంటుంది. దానికి గడువు ఆరు గంటలు. అది దాటితే ఎంత పెద్ద డాక్టరయినా చెయ్యగలిగింది కాలు తీసెయ్యడమే.

మిషనుతో రెండు బిళ్ళలిచ్చారు. ఒకటి దెబ్బ కాలికి, ఒకటి మంచి కాలికి. రెండూ పోల్చి చూడాలట. రెండో తీగని వారం తిరక్కుండా ఎలుక కొరికేసింది. కంపెనీవాళ్ళు ఇదుగో పంపిస్తాం అదుగో పంపిస్తాం అంటూనే ఉన్నారు. అందుకని ఒక్క బిళ్ళనే ఈ కాలి నించి ఆ కాలికి మార్చి చూస్తారు. మరి రెండు కాళ్ళూ దెబ్బతిన్నవాళ్ళకి మంచి కాలేదీ? చలపతిరావుది. అసలు మిషను సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రోజూ పొద్దుటే పెట్టుకునేది కూడా ఆయన కాలికే. నాలుగు నెలల్లో ఒక్కరోజైనా అరవై ఏడుకి తగ్గలేదు, అరవై తొమ్మిదికి మించలేదు. తెల్ల ప్లాస్టరు ముక్క ఒకటి చింపి, బాల్ పెన్నుతో 'నా కాలు 68' అని రాసి, పెట్టె పక్కన అంటించుకున్నాడు. ఇలా చెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు.

ఇవాళ తెర మీద యాభై ఒకటి వచ్చింది.

బిళ్ళ పీకి, మళ్ళీ తుడిచి, మళ్ళీ అంటించాడు. యాభై. కాసేపాగితే యాభై ఒకటి. మేజోడు పట్టీ చర్మంలోకి దిగి, చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. పది రోజుల కిందట స్ట్రెచరు ఇనప అంచు ఈ పిక్కకే తగిలింది. నల్లగా కమిలి మానిందనుకున్నాడు. పొద్దున స్టేషనులో వంతెన మెట్లెక్కుతుంటే పిక్క పట్టేసి, ఊపిరి అందక సగంలో ఆగవలసి వచ్చింది. వయసు, అనుకున్నాడు.

"మిషనేమంటోందండీ బాబాయిగారూ?" అంటూ నర్సు శ్రీలేఖ డ్యూటీకి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఏలూరు అమ్మాయే. వచ్చిన మొదటిరోజు నించీ ఆయన్ని బాబాయిగారూ అనే పిలుస్తుంది.

"దీనికేదో దయ్యం పట్టిందమ్మా. నా కాలు యాభై ఒకటంటోంది."

"మీ కాలా! అయితే మిషను పోయినట్టేనండీ." ఆమె నవ్వింది. "ఇంకెవరి కాలికైనా పెట్టి చూస్తే?"

ఎవరి కాలికి? మంచాల మీదవన్నీ విరిగినవే. వార్డుబాయి ఇంకా రాలేదు. గేటు దగ్గర వాచ్‌మెనుకి బోదకాలు. చలపతిరావు చూపు అనుకోకుండానే శ్రీలేఖ పాదాల మీద పడింది. ఆమె చటుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"బాబోయ్, మీ ముందు కాలు చాపి మీ చేత పట్టించుకుంటానా! మా నాన్నగారికంటే పెద్దవారు. కళ్ళు పోతాయండీ."

"అవునవును, వద్దులే," అన్నాడాయన, తనే సిగ్గుపడి.

అక్కడితో ఆ మాట అయిపోయింది. కాలు చాపి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ ఒక్క నిమిషం గురించి శ్రీలేఖ తరవాత చాలా రోజులు ఏడ్చింది.

చలపతిరావు ఆలోచించాడు. వాళ్ళ నాన్న గూడెం ఉల్లిపాయల మార్కెట్లో తూకాలు వేసేవాడు. తక్కెడ ఒక పక్కకి లాగుతోందని కనిపెడితే, తేలిక పళ్ళెంలో చిన్న రాయి పడేసి ముల్లు సరిచేసేవాడు. తక్కెడని తిట్టేవాడు కాదు, పారెయ్యమనేవాడూ కాదు. ఎంత లాగుతోందో తెలిస్తే చాలురా, అనేవాడు. అరవై ఎనిమిదిలోంచి యాభై ఒకటి పోతే పదిహేడు.

"పదిహేడు తక్కువ చెబుతోంది. ఇవాళ వచ్చిన అంకెకల్లా పదిహేడు కలిపి రాసుకో. సాయంత్రం కంపెనీవాళ్ళకి చెబుదాం," అన్నాడు. శ్రీలేఖ కాగితం పైన '+17' అని రాసి గుండ్రంగా సున్నా చుట్టింది.

కిటికీ పక్క మంచం మీద సాయిదుర్గ ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆకివీడులో చేపల ప్యాకింగు పని. తెల్లవారుజామున లారీకి ఎత్తుతుంటే ఐసు నింపిన ట్రేల వరస జారి రెండు కాళ్ళ మీదా కూలింది. ఎడమ కాలికి తోలు లేచిపోయి, చీలమండ నించి మోకాలి దాకా కుట్లు. కుడికాలికి మోకాలి కింద ఎముక విరిగింది. అదే భయపడవలసిన కాలు. ఐదున్నరకి డాక్టరు రాజకుమార్ గారు వెనక సిమెంటు బద్ద పెట్టి, పైన కట్టు కట్టి, బిళ్ళ పట్టేందుకు పక్కన కిటికీలా కాస్త వదిలి, గూడెం బ్రాంచిలో ఆపరేషన్లున్నాయని వెళ్ళిపోయారు. వెళ్తూ ఒకటే మాట చెప్పారట. రెండు గంటలకోసారి చూడండి, మంచి కాలి కంటే పది తగ్గితే నాకు ఫోన్ చెయ్యండి, నేను వచ్చి కండ పొర కోసి వదులు చెయ్యాలి, ఆలస్యమైతే కాలు దక్కదు.

మంచి కాలంటే అరవై ఎనిమిది. పది తగ్గితే యాభై ఎనిమిది. శ్రీలేఖ ఆ అంకె కూడా కాగితం మీద రాసి కింద గీత గీసింది.

ఏడుంబావుకి సాయిదుర్గ కాలి మీద అరవై వచ్చింది. కలిపితే డెబ్భై ఏడు.

"బావుంది. దెబ్బ తగిలిన కాలికి నెత్తురు ఎక్కువ పారుతుంది, పైనే ఉండాలి," అన్నాడు చలపతిరావు. అని, అలవాటుగా, ఆమె కాలి రెండో వేలికున్న వెండి మెట్టెని చిటికెన వేలితో తిప్పి చూశాడు. తిరిగింది.

మిషన్లు నిన్నగాక మొన్న వచ్చాయి. అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ ఆడవాళ్ళ కాలు వాచేదీ లేనిదీ ఆయనకి చెప్పింది ఈ మెట్టెలే. మెట్టె తిరుగుతుంటే నిద్రపోవచ్చు. బిగిస్తే మేలుకోవాలి. ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చేతికి తెలుసు.

మంచం పక్కన సాయిదుర్గ అత్తగారు వెంకటనరసమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది. "తెల్లారగట్ల మెట్టెలు తీసెయ్యమన్నారండీ. నేనే వద్దన్నాను. మావాడు చల్లగా ఉండగా మెట్టెలెలా తీస్తామండీ? తప్పు కాదూ?"

"ఇప్పుడు ఫరవాలేదమ్మా. అవసరమైతే చెబుతాను."

"కాలు నిలుస్తుందా బాబూ? చేపలు మొయ్యడం తప్ప దానికి వేరే పని రాదండీ. కూర్చుని చేసే పని మాకెవరిస్తారు?"

"నిలుస్తుంది," అన్నాడు. అనేశాక అలా అనకుండా ఉండవలసిందనిపించింది.

తొమ్మిదింటికి యాభై నాలుగు. కలిపితే డెబ్భై ఒకటి. మెట్టె తిరిగింది, కాస్త ఒరుసుకుంటూ. సాయిదుర్గ పళ్ళు బిగించి దుప్పటి అంచు పిండుతోంది. నొప్పికి సూది వేసి గంట కూడా కాలేదు. "ఎముక విరిగింది కదమ్మా, ఉంటుంది," అంది శ్రీలేఖ. చలపతిరావు కట్ల గదికి వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కట్ల గదిలో భీమడోలు పిల్లాడి చేతికున్న సిమెంటు కట్టు కోస్తూండగా ఫోన్ మోగింది. భార్య రత్నాంబ.

"కాలు చూపించుకున్నారా?"

"చూపించుకున్నానే."

"ఎవరికి? డాక్టరుగారు పొద్దుటే గూడెం వచ్చేశారట కదా, మన వీధిలోంచే వెళ్ళింది ఆయన కారు."

చలపతిరావు దొరికిపోయి నవ్వాడు. "మధ్యాహ్నం వస్తారులే. అప్పుడు చూపిస్తా."

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. వారం నించి చెబుతున్నా. రాత్రి ఆ కాలు పట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. ఇవాళ చూపించుకోకుండా వస్తే తలుపు తియ్యను."

"తియ్యకపోతే అరుగు మీద పడుకుంటా."

"పడుకోండి. దోమలు కుట్టి చస్తారు." ఆమె కూడా నవ్వే పెట్టేసింది. ఇద్దరికీ పిల్లల్లేరు. ముప్ఫై ఏళ్ళుగా పోట్లాట ఒకటే కాలక్షేపం.

ఫోన్ జేబులో పెట్టి రంపం అందుకోబోయి, ఓ క్షణం బల్ల పట్టుకుని నిలబడ్డాడు. దగ్గొచ్చింది. పొడి దగ్గు, సిమెంటు పొడి వల్లే అనుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ పొడే పీలుస్తున్నాడు మరి.

పదకొండింటికి నలభై ఎనిమిది. కలిపితే అరవై ఐదు. "ఇంకా ఏడుందండీ," అంది శ్రీలేఖ. మెట్టె తిరగడానికి మొరాయించింది. చలపతిరావు కొంచెం సబ్బు నీళ్ళు రాసి తిప్పాడు. అతి కష్టం మీద సగం చుట్టు తిరిగి ఆగింది. బొటనవేలు మెల్లగా పైకి వంచాడు. సాయిదుర్గ పెట్టిన కేకకి అటు మూల మంచం మీది ముసలాయన లేచి కూర్చున్నాడు.

చలపతిరావు చెయ్యి వెంటనే తీసేశాడు. ఆ కేక ఆయన ఒకసారి విన్నాడు.

పన్నెండేళ్ళ కిందట. మండవల్లి నించి వచ్చిన ఏలీయా అనే చేపల చెరువు కాపలా మనిషి. మట్టి కట్ట విరిగి కాలి మీద పడింది. సిమెంటు కట్టు వేసిన రాత్రి అతనూ వేలు వంచితే అలాగే అరిచాడు. కట్టు అంచు కింద వేలు దూర్చి చూస్తే పిక్క కొయ్యలా ఉంది. కట్టు చీల్చెయ్యాలని చలపతిరావు చేతికి తెలుసు. రంపం చేతిలోనే ఉంది. కానీ డాక్టరు చెప్పందే కట్టు కొయ్యకూడదు, అది రూలు. అప్పటి డాక్టరు ఫోనెత్తలేదు. తెల్లారే దాకా రంపం ఒళ్ళో పెట్టుకుని అతని మంచం పక్కన కూర్చున్నాడు. మర్నాడు మోకాలి పైకి కోసేశారు. కోసిన కాలుని గుడ్డలో చుట్టి బయటికి మోసుకెళ్ళింది కూడా చలపతిరావే. ఎంత బరువుందో ఇప్పటికీ చేతులకి గుర్తే.

ఏలీయా ఏటా ఒకసారి పెట్టుడు కాలు సరి చేయించుకోవడానికి వస్తాడు. "ఏవండీ, బాగున్నారాండీ?" అని పలకరిస్తాడు. కొల్లేటి మనిషి చేప తెస్తాడు గానీ, కట్లాయన ఇంట్లో చేప తినరని తెలుసుకుని, సంచీడు జామకాయలు తెస్తాడు. ఆ జామకాయలు చలపతిరావు ఒక్కటీ కొరకలేదు. రైల్లో పక్కవాళ్ళకి పంచేస్తాడు. తిట్టి ఉంటే బాగుండేది అని రత్నాంబతో ఒక్కసారి అన్నాడు.

"శ్రీలేఖా, డాక్టరుగారికి ఓసారి ఫోన్ చెయ్యమ్మా."

చేసింది. గూడెంలో ఆపరేషన్ మధ్యలో ఉన్నారు, ఎవరో ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టారు. "అంకెంత?" అన్నారు. "అరవై ఐదండీ," అంది శ్రీలేఖ. పదిహేడు సంగతి చెప్పాలని ఆమెకి తోచలేదు, అది అప్పటికే లెక్కలో కలిసిపోయింది. "మరింకేం, బ్రహ్మాండంగా ఉంది. నొప్పికి ఇంకో సూది వెయ్యండి. రెండింటికల్లా వచ్చేస్తా."

శ్రీలేఖ స్పీకరు పెట్టింది కాబట్టి చలపతిరావూ విన్నాడు. బ్రహ్మాండంగా ఉంది. వినడానికి ఎంత హాయిగా ఉందో! తన చెయ్యేమో ముసలిది, మిషనేమో కొత్తది. చెయ్యి అబద్ధమనుకోవడమే అందరికీ మంచిది. ఆయన మజ్జిగన్నం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని మూత పెట్టేశాడు. ఆకలి లేదు. కూర్చుంటే పిక్క లాగేస్తోంది, నిలబడితే ఆయాసం.

ఒంటి గంటకి వెంకటనరసమ్మ చేతులు జోడించుకుంటూ కట్ల గది దాకా వచ్చింది. "దేవుడు చల్లగా చూశాడండీ. నొప్పి తగ్గింది పిల్లకి. ఏడుపాపేసింది."

ఆ మాట వినగానే చలపతిరావు చేతిలో పని వదిలేసి వార్డుకి నడిచాడు.

సాయిదుర్గ కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. ముఖం తేరుకుంది. "ఇప్పుడు హాయిగా ఉందండీ," అంది. "కాలు ఉన్నట్టే లేదు."

ఆయన వంగి మెట్టె చూశాడు. దాని రెండు పక్కలా కండ ఉబ్బి, వెండి గీత మాత్రమే కనిపిస్తోంది. తిప్పబోయాడు. కదల్లేదు. పాదం మీద గోటితో గీరి, "తెలుస్తోందా తల్లీ?" అన్నాడు. "ఎప్పుడు గీరారండీ?" అందామె.

శ్రీలేఖ బిళ్ళ పెట్టి చూస్తోంది. "నలభై రెండండీ. పదిహేడు కలిపితే యాభై తొమ్మిది. ఇంకా ఒకటుంది, యాభై ఎనిమిదయితే కదా పిలవమన్నారు."

చలపతిరావు నలభై రెండు వంక చూశాడు. కదలని మెట్టె వంక చూశాడు. తరవాత స్టూలు ముందుకి లాగాడు.

"అమ్మాయ్, నీ కాలు దీని మీద పెట్టు."

"బాబాయిగారూ..."

"కళ్ళు పోతే నావి పోతాయి. పెట్టమన్నానా!" ఆ వార్డులో ఆయన గొంతు పెంచడం ఎవరూ విని ఉండరు.

ఆమె ప్యాంటు మడుచుకుని పాదం స్టూలు మీద పెట్టింది. ఆయన తుడిచి, బిళ్ళ అంటించాడు. ఎర్ర వెలుతురు నాలుగు సార్లు ఆరి వెలిగింది.

డెబ్భై.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషనుకి దయ్యమూ లేదు, జ్వరమూ లేదు. పొద్దుట్నించీ నిజమే చెబుతోంది. తొమ్మిదింటికే యాభై నాలుగు. అంటే తొమ్మిదింటికే పిలవవలసింది. నాలుగు గంటలు! నాలుగు గంటలు తన చేత్తో తనే రాయి వేసి తక్కెడ సరిచేశాడు.

"అయితే పొద్దుట మీ కాలు..." అంది శ్రీలేఖ.

"ఫోన్ చెయ్యి. నలభై రెండని చెప్పు. పదిహేడు నా తెలివి, అది కొట్టెయ్. మెట్టె బిగిసింది, స్పర్శ పోయిందని చెప్పు." చెబుతూనే కత్తెర తీసుకుని కట్టు మీద పెట్టాడు. ఈసారి ఎవర్నీ అడగలేదు. మోకాలి నించి వేళ్ళ దాకా, గుడ్డా దూదీ చర్మం కనపడే వరకు చీల్చేశాడు. చర్మం నున్నగా మెరుస్తోంది, వేలితో నొక్కితే దిగడం లేదు. అంకె నలభై ఆరు దాకా ఎక్కి ఆగింది. చాలదు.

డాక్టరు భీమడోలు దాటి వస్తున్నారు. కారులోంచి అరిచిన అరుపు మంచం దాకా వినపడింది. "థియేటరులో బల్ల మీద ఉంచండి! అరగంటలో వస్తున్నా!"

"మెట్టె కొయ్యాలమ్మా," అన్నాడు చలపతిరావు వెంకటనరసమ్మతో.

ఆమె ఒక్క క్షణం కోడలి కాలి వంక చూసింది. "కొయ్యండి బాబూ. మెట్టె మళ్ళీ చేయించుకుంటాం. కాలు ఎవరు చేస్తారు?"

కట్టర్ మెట్టె కిందికి దూర్చి నొక్కితే టక్కున తెగింది. రెండు ముక్కలూ దూదిలో చుట్టి అత్తగారి చేతిలో పెట్టాడు.

లిఫ్టు పనిచేసే రోజు కాదది. వార్డుబాయి భోజనానికి వెళ్ళాడు. ట్రాలీని వాలుదారి మీద పై అంతస్తుకి తోసుకెళ్ళాలి. శ్రీలేఖ ముందు, చలపతిరావు వెనక, వెంకటనరసమ్మ పక్కన. సగం దారిలో ఆయన కళ్ళ ముందు నల్లగా కమ్మింది. రొమ్ములో ఎవరో పిడికిలితో పట్టినట్టయింది. పిక్కలో నెత్తురు గడ్డ కడితే అది పైకి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని డాక్టరుగారు రోగులకి చెబుతుంటే ఆయన ఎన్నిసార్లు విన్నాడు? వందసార్లు. తన కాలు ఎందుకు యాభై ఒకటయిందో అప్పుడు స్పష్టంగా తెలిసింది. భయం వేసింది. రత్నాంబ గుర్తొచ్చింది. ఇప్పుడు ట్రాలీ వదిలేస్తే అది వెనక్కి జారుతుంది. ఆయన వదల్లేదు.

థియేటరు తలుపు ముందు శ్రీలేఖ వెనక్కి తిరిగి, ఆయన మొహం చూసి హడలిపోయింది. "పెదాలు నల్లబడ్డాయండీ! ఇక్కడ కూర్చోండి. డాక్టరుగారు రాగానే ముందు మీ కాలు చూపిద్దాం."

"ముందు ఆవిడది. గంటలు మించిపోయాయి."

"బాబాయిగారూ, నామాట..."

"లోపల సామాను సర్దమ్మా. వెళ్ళు."

ఆమె అయిష్టంగానే వెళ్ళింది. కింద ఎమర్జెన్సీలోకి అప్పుడే వచ్చిన డ్యూటీ డాక్టరుని పైకి రమ్మని ఫోన్ చేసింది కూడా. అవతల ఎవరో యాక్సిడెంటు కేసు వచ్చింది, పది నిమిషాల్లో వస్తానన్నాడు. రాజకుమార్ గారు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చారు. చేతిలో పొద్దుటి కాగితముంది, దాని మీద సున్నా చుట్టిన పదిహేడు ఉంది. తలుపు పక్క బల్ల మీద కూర్చున్న చలపతిరావుని చూసి, "నీతో తరవాత మాట్లాడతా చలపతీ," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన కోపంలో మొహం సరిగా చూడలేదు.

చలపతిరావు గోడకి ఆనుకున్నాడు. ఎడమ కాలు చాపుకున్నాడు. పక్కన నేల మీద వెంకటనరసమ్మ దూది పొట్లం పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. అప్పుడప్పుడూ ఆయన వంక చూసి, ఈ ముసలాయన నా కోడలి కోసం ఎంత ఆయాసపడుతున్నాడో అనుకుంది. మంచినీళ్ళిస్తే ఒక గుక్క తాగాడు.

కాసేపటికి థియేటరు తలుపు ఓరగా తెరుచుకుంది. శ్రీలేఖ మాస్కు కిందికి లాగి, ఊపిరి పీల్చుకోకుండా చెప్పింది. "కోశారండీ, రెండు పక్కలా! కండ ఎర్రగానే ఉంది, గిల్లితే కదిలింది. కాలు నిలుస్తుందన్నారు!"

వెంకటనరసమ్మ ఘొల్లుమని ఏడ్చింది.

"మంచిదమ్మా," అన్నాడు చలపతిరావు. కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో గానీ, పెదాల మీద కాస్త నవ్వుంది. తలుపు మూసుకుంది.

డ్యూటీ డాక్టరు ఎట్టకేలకి పైకి వచ్చేసరికి వెంకటనరసమ్మ ఏడుపు మానేసి, ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతోంది. "ఏవండీ... ఏవండీ కట్లుకట్టే బాబుగారూ..." పరుగులు పెట్టారు, రొమ్ము నొక్కారు, రాజకుమార్ గారు రక్తపు గ్లోవ్సుతోనే బయటికి వచ్చారు. చెయ్యగలిగిందంతా చేశారు. మూడింబావుకి ఆపేశారు. తరవాత డాక్టరుగారు ఆ పంట్లాం పైకి లాగి, రెండు పిక్కల మీదా చేతులు పెట్టి చూసి, నేల మీదే కూర్చుండిపోయారు.

రత్నాంబ సాయంత్రం వచ్చింది. ఏడవలేదు. "తలుపు తియ్యనన్నానమ్మా," అని శ్రీలేఖతో ఒకటికి నాలుగుసార్లు చెప్పింది, అంతే.

మర్నాడు ఏడు కావడానికి పది నిమిషాలుండగా శ్రీలేఖ వార్డులో స్టూలు లాక్కుని కూర్చుంది. ప్యాంటు మడుచుకుని, స్పిరిట్ దూదితో తుడుచుకుని, బిళ్ళ అంటించుకుంది. డెబ్భై. కిటికీ పక్క మంచం మీద సాయిదుర్గ నిద్రపోతోంది, కట్టులోంచి బయటికున్న వేళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. శ్రీలేఖ ప్లాస్టరు ముక్క చింపి, తన అంకె రాసుకుంది. దాన్ని అంటించడానికి చోటు కోసం పెట్టె పక్కకి తిప్పి, అక్కడున్న పాత ముక్కని గోటితో ఓ మూల లేపింది. లేపిన మూలని మళ్ళీ బొటనవేలితో నొక్కి, తనది దాని కింద అంటించింది. పైముక్క అంచులు కాస్త మురికి పట్టాయి, సిరా చెమటకి చెదిరింది, అయినా బాగానే కనిపిస్తోంది: నా కాలు 68.